మెనూ అక్షరాలు కాస్త పెద్దవి చేయమంటే

ఆ సోమవారం పొద్దున్న నెలిదా వేసుకున్న పథకం చాలా చిన్నది. పైసండూ ఊరి గ్రంథాలయంలో తన బల్ల మీది కంప్యూటర్‌లో బ్రౌజర్ మెనూ అక్షరాలు కాస్త పెద్దవి కావాలి, అంతే. పేజీలోని అక్షరాలు పెంచుకోవడం ఆమెకు వచ్చు. పైనున్న మెనూ మాత్రం చీమల బారులాగే ఉండిపోయింది. కళ్లు మసకబారాయని డైరెక్టర్ ఒలివేరాకు తెలిస్తే, ఆమెను జనం మధ్య నుంచి లేపి కింద పాత పత్రికల గదికి పంపేస్తారు. మనుషులతో మాట్లాడకుండా ఒక్క పూట ఉండలేని మనిషి ఆమె, పాపం.

అందుకే తోటి ఉద్యోగి, లినక్స్ కంప్యూటర్ల పిచ్చివాడైన వాషింగ్టన్‌ను తలుపులు తీయకముందే రప్పించింది. చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుల తేనీటి గిన్నెతో దిగాడతను.

"ఇదెంత పని అక్కా! ఓ చిన్న ఫైలు రాసి బ్రౌజర్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు."

"సైజొక్కటే మార్చు నాయనా. నీ సొంత తెలివి చూపించకు."

ఒక్కటే మార్చి ఊరుకునే లినక్స్ మనిషి ఇంకా పుట్టలేదు. సైజు ధారాళంగా పెంచి, కార్నివాల్ పండగ పాటల బృందం పోస్టర్లకని తాను గీసిన వంకర్ల ఫాంటును కూడా తగిలించాడు. హాలులో ఏ కంప్యూటర్ తెరిచినా నెలిదా కంప్యూటర్‌లోని అమరికలే దానికీ వస్తాయని ఇద్దరికీ గుర్తు రాలేదు.

తలుపులు తెరిచిన కాసేపటికే గోల మొదలైంది.

"మేడమ్! ఈ మెనూ సగం తెర మింగేసింది!"

"వైరస్సా? అయ్యో, నేను ముట్టుకున్నా కూడా!" అంటూ ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంది.

"ఈసారి కార్నివాల్ ముందే వచ్చిందా ఏంటి?" అని ఇంకొకాయన బల్ల మీద దరువు అందుకున్నాడు.

వాషింగ్టన్ ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ పరుగెత్తి ఫైలు చెరిపేశాడు. కంగారులో నెలిదా కంప్యూటర్‌ను మరిచిపోయాడు. దాంతో చెరిపిన ఫైలు, కంప్యూటర్ మళ్లీ తెరవగానే దర్జాగా వచ్చి కూర్చుంది.

దరువు విని ఒలివేరా బయటికొచ్చారు. "ఎవరి నిర్వాకం ఇది?"

వాషింగ్టన్ ఉద్యోగానికి ఎసరొస్తుందని భయపడి నెలిదా ముందుకొచ్చింది.

"నా కోసమే చేశాడు సార్. నాకు కళ్లు ఆనడం లేదు. పంపితే నన్ను కింద గదికి పంపండి, అతన్నేమీ అనకండి."

ఒలివేరా నిలబడ్డ చోటు నుంచే, పెదవులు కదుపుతూ మెనూ మొత్తం చదివారు. తర్వాత ఇద్దరినీ పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"మీరెక్కడికీ వెళ్లొద్దమ్మా. ఏమయ్యా, ఇది నా గదికెందుకు రాలేదు? ఏ మీట ఎక్కడుందో కనబడక నేను మెయిలు తెరవడమే మానేశాను!"

నెలిదాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఎవరేమి అడిగినా కాదనని దయామయుడని ఒలివేరాకు ఊళ్లో మంచి పేరుండేది. ఆ మధ్యాహ్నం తన గదిలోనూ మెనూ పెద్దదయ్యాక, ఆయన మెయిలులో పేరుకుపోయిన అర్జీలన్నీ మొదటిసారి చదివి, ఒక్కటీ వదలకుండా తిరస్కరించారు.