మేమా, మనమా?

నోరు జారే రాజకీయ నాయకుడు ప్రతి ఊరికీ ఒకడైనా ఉండాలి. ఫైర్ స్టేషన్ ఉన్నట్టు, లైబ్రరీ ఉన్నట్టు. అలాంటివాడు లేని ఊళ్ళలో జనం ఎలా కాలక్షేపం చేస్తున్నారో నాకు అర్థం కాదు!

కోప్పడకండి, కారణం ఉంది. మొన్నటి తుపానుకి మా ఊరు మునిగింది. అమెరికాలో, ఎడిసన్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న చిన్న టౌన్ మాది. వరద వచ్చి వెళ్ళాక ఏం మిగులుతుంది? బురద, తడిసిన కార్పెట్లు, ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్లు. వాటి గురించి ఎంతసేపని మాట్లాడుకుంటాం? అదే ఒక నాయకుడు మైకు ముందు నిలబడి ఒక్క మాట తూలాడనుకోండి, ఇక బురద సంగతి ఎవరికీ గుర్తుండదు. మా కౌంటీ కమిషనర్ గారు మాకు ఆ మేలు చేశారు.

మా ఊళ్ళో ఒక గుట్ట ఉంది. గుట్ట మీద గోల్ఫ్ కోర్సు, దాని చుట్టూ మా ఇళ్ళు. గుట్ట కింద వాగు, వాగు పక్కన క్రీక్‌సైడ్ అనే అపార్ట్‌మెంట్లు. తుపాను రోజు మా బేస్‌మెంట్లలోకి చీలమండల దాకా నీళ్ళొచ్చి, హోమ్ థియేటర్ సోఫాలు తడిశాయి. క్రీక్‌సైడ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో గుండెల దాకా వచ్చాయి. కౌంటీ వారి పంపులు ముందు గుట్ట మీదికి వచ్చాయి. మా నీళ్ళన్నీ శుభ్రంగా తోడి, ఆ నీళ్ళని వాగులోకే వదిలి, ఆ తర్వాత తీరిగ్గా కిందికి దిగాయి.

ఇదేమిటని ఒక టీవీ అమ్మాయి కమిషనర్ గారిని అడిగింది. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. ఆ మనుషులకి నీళ్ళు అలవాటేనన్నారు. వాళ్ళొచ్చిన చోట ఏటా ఇలాగే ఉంటుందన్నారు. చివర్లో చిరునవ్వుతో, "వుయ్ టేక్ కేర్ ఆఫ్ అవర్ ఓన్," అన్నారు. రంగు పేరెత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు. క్రీక్‌సైడ్‌లో తెల్లవాళ్ళు లేరు.

ఇక చూడండి మా ఊరి వైభవం! టీవీ వ్యాన్లు వచ్చాయి. ఖండనలు వచ్చాయి, ఖండనలకి ఖండనలు వచ్చాయి. మా గుట్ట మీద ప్రతి లాన్‌లోనూ 'వుయ్ ఆర్ ఆల్ వన్' అనే బోర్డులు మొలిచాయి. నేనూ ఒకటి పాతాను. బోర్డు పాతడానికి గుట్ట దిగక్కర్లేదు. బకెట్ పట్టుకోవాలంటే దిగాలి. ఈ సౌకర్యం కల్పించినవారు కమిషనర్ గారు కారా?

మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో జరిగిన మేలు అంతకంటే పెద్దది. ఏళ్ళ తరబడి ఆ గ్రూపులో గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ రోజు జనం పూర్తి వాక్యాలు రాశారు. పరిశోధన మొదలైంది. ఆ మనుషులంటే ఎవరు?

మా సంఘం ప్రెసిడెంట్ డాక్టర్ వాసుదేవరావు గారు గుట్ట మీద మొదటి ఇల్లు కట్టిన తెలుగువారు. కమిషనర్ గారు అన్నది మనల్ని కాదు, నల్లవాళ్ళని, మెక్సికన్లని, అని ఆయన తేల్చారు. క్రీక్‌సైడ్‌లో ఉన్నది గ్వాటెమాలా వాళ్ళు. డాక్టర్ గారి లెక్కలో స్పానిష్ మాట్లాడేవాళ్ళంతా మెక్సికన్లే. మరి క్రీక్‌సైడ్‌లో తెలుగువాళ్ళూ ఉన్నారు కదా అని ఎవరో గుర్తుచేస్తే, వాళ్ళు ఇంకా గ్రీన్ కార్డు రానివాళ్ళు కదా అని జవాబిచ్చారు.

క్రీక్‌సైడ్ సి బ్లాక్ నుంచి రాకేష్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వెంటనే ఒప్పుకున్నాడు. "మా బ్లాక్ గురించి కాదన్నా, బి బ్లాక్ గురించి అన్నడు," అని రాశాడు. బి బ్లాక్ తెలుగువాళ్ళు, తమది పై అంతస్తని, ఆ మాట గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకే వర్తిస్తుందని రాశారు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు ఏమీ రాయలేదు. వాళ్ళ ఫోన్లు వరదలో పోయాయి.

చూశారా? సాయంత్రానికల్లా మా కౌంటీ మొత్తం మీద 'ఆ మనుషులు' ఒక్కరు కూడా మిగల్లేదు. అసలు లేనే లేని జనాన్ని తిట్టిన నాయకుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఇక వ్యాకరణం దగ్గరికి వస్తాను.

క్రీక్‌సైడ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో సుబ్బులు గారని ఒకావిడ ఒంటరిగా ఉంటారు. గుట్ట మీద మా అందరి ఆదివారం ఇడ్లీలూ ఆవిడ రుబ్బిన పిండితోనే. తుపాను రోజు గ్రైండర్లు నీళ్ళలో తేలుతుంటే, ఆవిడ వంటింటి గట్టు ఎక్కి కూర్చున్నారు. పై అంతస్తులో ఉండే లొరేన్ అనే నల్లజాతి ఆవిడ, స్కూల్ బస్సు డ్రైవరు, దిగి వచ్చి ఆవిడ్ని భుజం మీద వేసుకుని మెట్లెక్కించింది. అప్పటినుంచీ సుబ్బులు గారు లొరేన్ ఇంట్లోనే ఉంటున్నారు. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉంటారట.

సుబ్బులు గారికి టీవీ వార్తలు అనువాదం చేసి పెట్టేది మా సంఘంలోని స్పందన అనే అమ్మాయి. ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ఫార్మా కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. మనసు మంచిది. తెలుగు కూడా బాగానే వచ్చు, 'మేము', 'మనం' దగ్గర మాత్రం తడబడుతుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట కదా, పాపం! ఒకసారి మా ఆవిడ ఆండాళ్‌తో, "ఆంటీ, మనం రేపు ఫ్లోరిడా వెళ్తున్నాం," అంటే, ఆండాళ్ సూట్‌కేసు సర్దేసుకుంది.

అలాంటి స్పందన, కమిషనర్ గారి మాటని సుబ్బులు గారికి ఇలా చెప్పింది: "మనం మనవాళ్ళని చూసుకుంటాం."

సుబ్బులు గారు పొంగిపోయారు. లొరేన్ ఫోన్ తీసుకుని ఒక వాయిస్ మెసేజ్ చెప్పి, స్పందన చేత మా గ్రూపులో పెట్టించారు. దొరగారు మనల్ని మనవాళ్ళంటున్నాడని, ఇక వాగు దగ్గర పంపు పెట్టించేస్తాడని దాని సారాంశం.

పంపు సంగతి మీకు చెప్పాలి. కౌంటీ వారు శాశ్వతంగా ఒక పంపింగ్ స్టేషన్ కట్టాలనుకున్నారు. ఒక్కటే. క్రీక్‌సైడ్ వెనకా, గోల్ఫ్ కోర్సు వెనకా అన్నది, జనం చెప్పేది విన్నాక కౌంటీ బోర్డు పెట్టే ఓటింగులో తేలాలి. పంపు రాకపోతే గ్రౌండ్ ఫ్లోర్ శాశ్వతంగా మూసేస్తానని అపార్ట్‌మెంట్ల ఓనరు చెప్పేశాడు. అంటే సుబ్బులు గారితో సహా అక్కడివాళ్ళంతా ఊరు వదలాలి.

డాక్టర్ గారు ఆ వాయిస్ మెసేజ్ పట్టుకున్నారు. బాధితురాలే సంతోషంగా ఉంటే మధ్యలో మనకెందుకు బాధ అన్నారు. కమిషనర్ గారికి సన్మానం చెయ్యాలని తీర్మానించారు. మనం సన్మానం చెయ్యని మనిషి ఈ దేశంలో ఇంకా ఎవరైనా మిగిలారా అని మీరడగవచ్చు. ఈయన మిగిలారు.

లైబ్రరీ హాల్లో సన్మానం. కమిషనర్ గారు అందరికీ చేతులు జోడించారు. తన మాటల్ని మీడియా వక్రీకరించిందని చెప్పి, మళ్ళీ అదే మాట అన్నారు. వుయ్ టేక్ కేర్ ఆఫ్ అవర్ ఓన్! ముందు వరుసలో, బాధితుల ప్రతినిధిగా, సుబ్బులు గారిని కూర్చోబెట్టాం. పక్కన లొరేన్ కూర్చుంది. ఆవిడ్ని మేం పిలవలేదు. కారు నడిపింది ఆవిడ కాబట్టి వచ్చింది.

స్పందన మళ్ళీ 'మనం మనవాళ్ళని' అని అనువాదం మొదలుపెట్టింది. వెనక వరుసలో ఉన్న ఆండాళ్ ఇక ఉండబట్టలేక ముందుకి వంగింది.

"అమ్మాయ్, మనం అంటే వింటున్నవాళ్ళు కూడా అందులో ఉంటారు. మేము అంటే ఉండరు. ఇప్పుడు చెప్పు, ఆయన ఏమన్నాడు?"

స్పందన కాసేపు వేదిక వైపు చూసింది. "ఓ. అయితే మేము, ఆంటీ," అంది. "మేము మావాళ్ళని చూసుకుంటాం. సారీ, నేను రాంగ్ చెప్పాను."

సుబ్బులు గారు విన్నారు. అప్పుడే డాక్టర్ గారు ఆవిడ పేరు పిలిచి, శాలువా చేతికిచ్చి, కమిషనర్ గారికి కప్పమన్నారు. ఆవిడ శాలువా మడత విప్పలేదు. మైకు దగ్గరికి వెళ్ళారు.

"అయ్యా, మీ భాషలో మేమూ మనమూ ఒకటేనంటున్నారు. మా వాగు దగ్గర పంపు మాట వచ్చినప్పుడు మీరనేది మేమా, మనమా?"

ఈ ప్రశ్నని ఇంగ్లీషులోకి మార్చడమనే భారం స్పందన మీద పడింది. పాపం, శాయశక్తులా ప్రయత్నించింది.

"సర్, వెన్ యు సే వుయ్, డు యు మీన్ వుయ్, ఆర్ డు యు మీన్ వుయ్?"

కమిషనర్ గారు సుబ్బులు గారి కళ్ళలోకి ఆప్యాయంగా చూశారు. "ఆబ్సల్యూట్లీ," అన్నారు.

మేమంతా చప్పట్లు కొట్టాం. సుబ్బులు గారు శాలువాతోనే కిందికి దిగి తన కుర్చీలో కూర్చున్నారు. డాక్టర్ గారు సమయస్ఫూర్తితో పూలగుత్తి ఇచ్చి కార్యక్రమం ముగించారు.

పంపు మీద ఓటింగు జరిగిన రోజు మా సంఘం తరఫున ఎవరూ కౌంటీ ఆఫీసుకి వెళ్ళలేదు. ఆ గొడవ 'ఆ మనుషులది' అని ముందే తేలిపోయింది కదా! వీసా మీద ఉన్నవాళ్ళం, మైకుల ముందు కనపడకూడదని రాకేష్ ఇంట్లోనే ఉన్నాడు. వీసాతో పనిలేని మేము ఎందుకు ఉండిపోయామో నన్నడక్కండి. నేను బేస్‌మెంట్‌లో కొత్త సోఫా మీద కూర్చుని లైవ్‌లో చూశాను.

లొరేన్ మాట్లాడింది. భుజాల మీద ఒక జరీ శాలువా ఉంది. ఎక్కడో చూసినట్టనిపించింది. ఎవరెవరి ఇంట్లోకి ఎంతెంత నీళ్ళొచ్చాయో చెప్పి, చివర్లో, "వుయ్ లివ్ హియర్," అంది. సుబ్బులు గారు స్పందన వైపు తిరిగారు. నోరు తెరిచేలోపే ఆ పిల్ల, "మనం, ఆంటీ," అనడం మైకులో వినపడింది.

వాళ్ళ వెనక వరుసలో గ్వాటెమాలా కుటుంబం పక్కన ఇంకో మనిషి కనిపించింది. పరికించి చూస్తే ఆండాళ్. కూరలకని చెప్పి వెళ్ళింది.

ఓటింగులో పంపు గోల్ఫ్ కోర్సుకే వచ్చింది. కమిషనర్ గారు మాట తప్పే మనిషి కాదు. తనవాళ్ళని చూసుకున్నారు.

మా బేస్‌మెంట్లకి ఇక ఢోకా లేదు. లాన్‌లో బోర్డు ఇంకా ఉంది, కాస్త రంగు వెలిసింది. మొన్న శనివారం అలవాటుగా సుబ్బులు గారికి ఫోన్ చేశాను. పిండి సంగతేమిటని, ఈ ఆదివారం మనం ఇడ్లీలు వేసుకోవద్దా అని చనువుగా అడిగాను.

"లేదండీ. మేము ఊరు వదిలేశాం," అన్నారు.

మేమంటే ఎవరండీ, మీరు ఒక్కరే కదా ఉండేది అన్నాను. అవతల గ్రైండర్ తిరుగుతోంది. ఎవరో నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో అడుగుతున్నారు. ఇంకెవరో స్పానిష్‌లో జవాబు చెబుతున్నారు.

"మేమంటే మేమేనండీ," అని ఫోన్ పెట్టేశారు.

కమిషనర్ గారి మాట విన్న రోజు నాకు కోపం రాలేదు. ఈ మాట వింటే ఏడుపొచ్చింది. ఆవిడ వాక్యంలో తప్పేమైనా ఉందేమోనని ఎంతోసేపు వెతికాను. ఎక్కడా లేదు.

ఆదివారం ఆండాళ్ ఉప్మా చేసి, నా ఒక్కడికే వడ్డించి, కారు తాళాలు తీసుకుంది. ఎక్కడికని అడిగాను. "మేము ఇడ్లీలు వేసుకుంటున్నాం," అంది.