కదిలితే చెదిరే బొమ్మ

దసరా సెలవుల్లో ఒక పొద్దున సాబేరా ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. పదకొండింటికి నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని షాహెద్ ముఖం చూడాలి. షాహెద్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. దుబాయ్‌లో గోదాములో పని. మూడేళ్లలో నాలుగుసార్లు సెలవు అడిగాడు, నాలుగుసార్లూ లేదన్నారు. కొడుకు ముఖం మరిచిపోతానేమోనని ఆమెకు ఈమధ్య భయం పట్టుకుంది.

నారాయణఖేడ్ బస్టాండు వెనక నెట్ సెంటర్ నడిపే సోమనాథ్ ముందురోజే నియమాలు చెప్పాడు. నెట్ లైను సన్నది, దానిమీద నాలుగు కంప్యూటర్లు బతకాలి. వీళ్లకోసం మిగతా మూడూ ఆపేస్తాడు. అయినా చాలదు.

“బొమ్మల ఏది కదిల్తె గది మల్ల పంపాలె. కదలంది పంపే పనే లేదు. మీరెంత కదలకుంటె బొమ్మ గంత సాఫ్ వస్తది,” అన్నాడు.

అందుకని పూల చీరలు వద్దన్నాడు. పువ్వు పువ్వునూ పంపాలంటే లైనుకు బరువు. గోడమీది క్యాలెండర్లు కనపడకుండా వెనక ఒక తెల్ల దుప్పటి కట్టాలి. మధ్యలో మోగితే అందరూ ఉలిక్కిపడతారు కాబట్టి ఫోన్ బంద్ చేయాలి. మాట్లాడేది మిస్బా ఒక్కతే. ఏడుపు వస్తే రానివ్వాలి గాని కన్నీళ్లు తుడుచుకోవద్దు.

సాబేరా, కూతురు మిస్బా, ఇద్దరు మేనత్తలు తెల్లబట్టలు కట్టుకుని, తెల్ల దుప్పటి మడిచి పట్టుకుని, ఇంటికి తాళం వేసి బయలుదేరారు. లైను వేరేవాళ్లకు పోకుండా ఇంటాయన ఫకీర్ మియా తెల్లవారకముందే వెళ్లి అక్కడ కూర్చున్నాడు.

తీరా సరిచూస్తే చిక్కు ఆయనతోనే వచ్చింది. ఇరవై ఏళ్లు కందుల మార్కెట్‌లో బేరాలు కుదిర్చిన మనిషి, చేతులు ఊపకుండా మాట రాదు. ఆయన సలాం అనగానే తెరమీద అందరి ముఖాలూ అలికినట్టయ్యాయి. సోమనాథ్ తలవంచుకుని, చాచా బయట మెట్లమీద కూర్చుంటే మంచిదన్నాడు. తల్లి కొడుకును చూస్తే తను చూసినట్టేనని ఫకీర్ మియా లేచి వెళ్లిపోయాడు.

పదకొండింటికి షాహెద్ తెరమీదికి వచ్చాడు. బొమ్మ అద్దంలా ఉంది. అతనికి కనిపించింది ఇది: తెల్ల దుప్పటి ముందు తెల్లబట్టల్లో నలుగురు ఆడవాళ్లు, కదలరు, మెదలరు. తల్లి చెంపలమీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోదు. అతను ఒక్కొక్కరినే చూశాడు, తండ్రి కనపడలేదు.

“అబ్బా ఏడి?”

మిస్బా నోరు తెరిచేలోపే సాబేరాకు ఏడుపు ఆగలేదు. భుజాలు కదిలాయి, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగింది. వెంటనే కరెంటు కూడా పోయింది.

కరెంటు వస్తే మళ్లీ కలపవచ్చని సోమనాథ్ అన్నాడు. వాళ్లు ఉన్నచోటే మూడు గంటలు కూర్చున్నారు. ఫోన్ బంద్‌లోనే ఉంది.

అక్కడ దుబాయ్‌లో షాహెద్, తండ్రి ఫోన్‌కు పదిసార్లు చేసి, చివరికి పక్కింటి రుక్కమ్మకు చేశాడు. రుక్కమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. చూసింది చూసినట్టే చెప్పింది.

“పొద్దుగాల అందరు తెల్లబట్టలేస్కొని తెల్ల దుప్పటి పట్కొని పోయిన్రు బిడ్డా. మీ అబ్బా అండ్ల కనవడలే.”

షాహెద్ ఏడ్చాడు. ఆ ఏడుపు విని రుక్కమ్మ గల్లీకి చెప్పింది, గల్లీ పక్క ఊరు కంగ్టిలోని చుట్టాలకు చెప్పింది. కరెంటు మీద ఆశ వదులుకుని అయిదుగురూ ఆటోలో ఇల్లు చేరేసరికి వాకిట్లో నలభై మంది ఉన్నారు. తమ ఇంటిముందే ఇంతమంది ఎందుకో తెలియక ఫకీర్ మియా గబగబా దిగాడు.

“రుక్కమ్మా, ఎవరు చనిపోయిన్రు?”

రుక్కమ్మ గోడకు చేరగిలబడింది. కంగ్టి నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, ఎలాగూ వచ్చాను కదా అని ఫకీర్ మియా చెయ్యి పట్టుకుని ఓదార్చి వెళ్లాడు.

ఫకీర్ మియా బంద్ చేసిన ఫోన్ తెరిచి కొడుక్కు చేశాడు. తండ్రి గొంతు విన్నాక షాహెద్ మెల్లగా చెప్పాడు. తండ్రి పోయాడని చెబితే మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడి మరీ పదిహేను రోజుల సెలవు ఇచ్చాడు, రేపటికి టికెట్టు తీశారు.

“పదిహేను రోజులు సచ్చిపోయినట్టుంటె నీకేం పోతది?” అంది పెద్ద మేనత్త తమ్ముడితో.

సాబేరా భర్తనే చూస్తూ నిలబడింది. ఆయన ఆ చూపును తప్పించుకుని ఫోన్‌లో అన్నాడు.

“అబద్ధం మీద వచ్చిన కొడుక్కు మీ అమ్మ అన్నమెట్ల పెడ్తది? పోయి మేనేజరుకు నిజం చెప్పు.”

సాబేరా లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గంట గడిచాక ఫోన్ మోగింది. మిస్బా తలుపు సందులోంచి తల్లికి కబురు చెప్పింది: అన్న వస్తున్నాడు. మేనేజరు అంతా విని, బీరువాలు రెండూ వెతికించాడట. మనిషి చనిపోతే సెలవు ఇచ్చే కాగితం ఆ కంపెనీలో ఉంది గాని, ఆ మనిషి బతికితే ఆ సెలవును వెనక్కి తీసుకునే కాగితం లేదు.