సుబేదారుగారి నడిచే రాయి

ఆరోజు పొద్దున సుబేదారుగారి పథకం అరచేతిలో పట్టేంత చిన్నది. రాళ్ళకు సున్నం కొట్టాలి. తనిఖీకి వచ్చే జనరల్‌గారు వాటిని చూసి మెచ్చుకోవాలి. భోంచేసి ఆయన తిరిగి హెలికాప్టర్ ఎక్కేటప్పుడు, వెనక సీట్లో ట్రంకుపెట్టెతో సహా సుబేదారుగారు కూర్చుని ఉండాలి. సెలవు మంజూరైంది, పెట్టె సర్దడమూ అయింది. కల్నల్‌గారు మాత్రం ఒక మెలిక పెట్టారు. తనిఖీలో ఏ చిన్న రభస జరిగినా ఆ సీటు ఖాళీగా ఎగిరిపోతుందన్నారు.

సీటు కోసం అంత ఆరాటం ఎందుకంటే, ఇంటి దగ్గర కూతురికి కొడుకు పుట్టాడు. వాడి ఏడుపును ఫోన్‌లో వినడమే తప్ప మొహం చూసే యోగం తాతగారికి ఇంకా పట్టలేదు. సెలవు పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడింది. నిన్న భార్య గొంతు పెంచకుండానే చెప్పింది, "వాడు పాకుతున్నాడండీ. మీరు బయల్దేరేసరికి వాడే పటాలంలో చేరి మీకు ఎదురొచ్చేట్టున్నాడు. ఈసారీ రాకపోతే ఆ రాళ్ళతోనే కాపరం చేసుకోండి." ఆవిడ గొంతు పెంచనప్పుడే సుబేదారుగారికి ఎక్కువ భయం.

ఆ పటాలం సముద్రం దాటి వచ్చింది యుద్ధానికి కాదు, కొట్టుకునే రెండు పక్షాల మధ్య గోడలా నిలబడడానికి. గోడకు ఏం పనుంటుంది? పొద్దున్నే పరేడ్, నీళ్ళ లారీకి కాపలా, వంతెన దగ్గర బళ్ళ సోదా, వీధుల్లో గస్తీ, తుపాకి విప్పి తుడిచి మళ్ళీ బిగించడం. ఇన్ని చేసినా ఇంకా పొద్దు మిగిలితే సున్నం. కదిలేదానికి సెల్యూట్ కొట్టు, కదలనిదానికి సున్నం కొట్టు అన్నది పటాలాల్లో వేదవాక్యం. ఆ వాక్యాన్ని నమ్ముకునే సుబేదారుగారు జుట్టు నెరిపించుకున్నారు. వంటవాడు ఒకసారి బల్లమీద కునుకు తీసి లేచేసరికి ఎడమ మీసం తెల్లబడి ఉందట. కుడి మీసం అనేవాళ్ళూ ఉన్నారు కానీ, మీసం సంగతి మాత్రం ఎవరూ కాదనరు.

ఆ పూట ఎవరినీ నమ్మలేక కుంచె ఆయనే పట్టారు. హెలికాప్టర్ దిగే చోటునుంచి జెండాకొయ్యదాకా దారికి అటూ ఇటూ రాళ్ళవరస. సున్నం చిమ్ముతుందని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. వరసలో ఒక రాయి క్రమశిక్షణ లేకుండా దారిమీదికి వచ్చి ఉంది. బూటు అంచుతో దాన్ని మెల్లగా వెనక్కి జరిపి, ఒళ్ళంతా గీతలున్నందుకు విసుక్కుని, దానికి మాత్రం రెండు పూతలు వేశారు.

అది రాయి కాదు. కంచె అవతల ఉండే ముసలమ్మ పెంచుకున్న తాబేలు. వంటశాల వెనక పారేసే క్యాబేజీ ఆకుల కోసం రోజూ ముళ్ళకంచె కిందనుంచి దూరి వస్తుంది. బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, తలా కాళ్ళూ లోపలికి లాగేసుకుంటుంది. చుట్టూ బూట్లే ఉన్న చోట దాని జీవితం చాలావరకు రాయిగానే గడిచేది. సున్నం ఆరేదాకా ఓపిగ్గా కూర్చుని, బూట్లు దూరమయ్యాక అది తన దారిన తాను క్యాబేజీవైపు బయల్దేరింది.

మంచెమీద కాపలా ఉన్న సంత్రీని అందరూ డేగ అంటారు, అంత చురుకైన కళ్ళు. వరసలో ఖాళీ కనిపించి అతను కిందికి కేకేశాడు. ఎవడో తన్నేసి పోయాడని తిట్టుకుంటూ సుబేదారుగారు మరో రాయి మోసుకొచ్చి పెట్టి సున్నం వేశారు. నడుం నిమురుకునేలోపే మళ్ళీ కేక. వంటశాల గుమ్మం దగ్గర ఒక తెల్లరాయి అదనంగా ఉందట. వెళ్ళి చూస్తే నిజమే. తలుపుకు అడ్డం పెట్టుకోవడానికి వంటవాడే ఎత్తుకొచ్చాడని ఆయన తీర్మానించేశారు.

వంటవాడు పిండి చేతులతో బయటికొచ్చాడు. "తలుపుకి అడ్డం కావాలంటే నిన్నటి రొట్టె లేదా సాబ్? నాకు మీ రాయెందుకు?"

రాయిని తీసి వరసలో పెట్టమని హుకుం వేసి సుబేదారుగారు వెళ్ళిపోయారు. వంటవాడు చేతులు కడుక్కుని వచ్చేసరికి రాయి లేదు. ముసలాయన చాదస్తం కొద్దీ తనే పట్టుకుపోయాడనుకుని, అతను మళ్ళీ పిండిలో పడ్డాడు.

అప్పుడు వైర్‌లెస్‌లో డేగ గొంతు వినిపించింది. పటాలం మొత్తానికీ వినిపించింది. "సాబ్, రాయి నడుస్తోంది."

"ఏ రాయిరా?"

"మన రాయే సాబ్. తెల్లది. జెండాకొయ్యవైపు పోతోంది."

కల్నల్‌గారు డాక్టర్‌ను పిలిపించారు. డాక్టర్ డేగను మంచె దింపి, కనురెప్పలు ఎత్తి చూసి, నాలుక చాపించి, ఎండదెబ్బకు మతి చలించిందని తేల్చారు. వీలు దొరికిన మొదటి బండిలో ఇంటికి పంపాలని రాసి సంతకం పెట్టేశారు. తనకు మతి బాగానే ఉందని డేగ ఎంత గట్టిగా అంటే, డాక్టర్ అంత గట్టిగా తల ఊపారు.

ఇంతలో గేటు దగ్గరికి ముసలమ్మ వచ్చింది. ఆవిడ భాష తెలిసినవాడు పటాలానికి ఒక్కడే, వాడు నీళ్ళ లారీతో వెళ్ళాడు. ఆవిడ సైగలకు దిగింది. రెండు చేతులతో గుండ్రంగా చుట్టి చూపించింది. అరచెయ్యి నేలకు ఆనించి మెల్లగా ముందుకు జరిపింది. శిబిరం లోపలికి వేలు పెట్టి చూపించి కళ్ళు ఒత్తుకుంది. గేటు కాపలావాడు ఆలోచించాడు. గుండ్రంగా ఉంటుంది, నేలమీద జరుగుతుంది, లోపలే ఉంది, తలుచుకుంటే ఏడుపొస్తుంది. అతని చదువుకు దీనికి ఒకటే అర్థం దొరికింది.

బాంబు అనే మాట విన్నాక కల్నల్‌గారు అటు సంత్రీ రాయినీ ఇటు ముసలమ్మ సైగనూ ముడివేసి చూశారు. చూడగానే ముచ్చెమటలు పట్టాయి. శత్రువు మన రాయిలాంటిదే చేయించి, మన సున్నమే వేసి, దూరంనుంచి నడిపిస్తున్నాడు. సైరన్ మోగింది. హెల్మెట్లు తలలకెక్కాయి, జెండాకొయ్య చుట్టూ ఇసుక బస్తాల కట్ట లేచింది, స్ట్రెచర్లు వచ్చాయి. పటాలం యావత్తూ నేలమీద బోర్లా పడుకుంది. బూట్ల చప్పుడు ఆగేసరికి, జనరల్‌గారు నిలబడాల్సిన చోటుకు జానెడు దూరంలో తెల్లరాయి అందరి కళ్ళెదుటా ఒక అడుగు వేసింది.

కల్నల్‌గారు హెలికాప్టర్‌ను వెనక్కి తిప్పమనడానికి వైర్‌లెస్ అందుకున్నారు. సుబేదారుగారు పాకుతూ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"సార్, నేను వెళ్ళి తీసేస్తాను."

"చచ్చిపోతారు సుబేదారుగారూ."

"హెలికాప్టర్ వెనక్కి పోయినా చస్తాను సార్. మా ఆవిడ సంగతి మీకు తెలీదు."

కల్నల్‌గారికీ ఇంట్లో ఒక ఆవిడ ఉంది. వైర్‌లెస్ కింద పెట్టేశారు. నేల అదరకూడదని సుబేదారుగారు బూట్లు విప్పేసి, మేజోళ్ళతో ఇసుకలో పాక్కుంటూ వెళ్ళారు. మనవడు పాకుతున్నాడన్న మాట గుర్తొచ్చి, తాతామనవళ్ళిద్దరం ఒకే తరగతిలో పడ్డామే అనుకున్నారు. దగ్గరికి చేరి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

రాయి మెడ చాచి ఆయన వంక చూసింది. నోట్లో క్యాబేజీ ముక్క నములుతోంది. వీపుమీద ఆయన కుంచె గీతలు, రెండు పూతలు, స్పష్టంగా ఉన్నాయి.

సుబేదారుగారికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడి పరువు తనకంటే మేలు, ఆ ఎలుకకు వాడు సున్నం వెయ్యలేదు. నిజం చెబితే కల్నల్‌గారు ఎముకలు ఏరి సున్నంలో కలిపేస్తారు. ఏదైనా ఆలోచిద్దామంటే నెత్తిమీద హెలికాప్టర్ హోరు. దుమ్ము అణిగేసరికి ఎదురుగా జనరల్‌గారు నిలబడి ఉన్నారు. పటాలమంతా బోర్లా ఉంది. మేజోళ్ళతో ఉన్న ఒక ముసలి సుబేదారు తెల్ల తాబేలును గుండెకు హత్తుకుని అటెన్షన్‌లో ఉన్నాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు జనరల్‌గారు.

"డ్రిల్ సార్," అన్నారు సుబేదారుగారు. నోటికి ఒకసారి దారి దొరికితే ఇక ఆగదు. శత్రువు ఏ వేషంలో వస్తాడో తెలియదు కనుక, కుర్రాళ్ళు మందగించకుండా కదిలే రాయిని వదిలి పరీక్షించానన్నారు. సంత్రీ నిమిషంలో పసిగట్టాడన్నారు. రెండు పూతలు వేస్తేనే వేషం కుదురుతుందని కూడా చెప్పుకొచ్చారు.

జనరల్‌గారు ఇసుక బస్తాల కట్ట చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. స్ట్రెచర్లు చూశారు, గురిపెట్టి ఉన్న తుపాకులు చూశారు. ఈ సంగతి ముందే తెలుసా అని కల్నల్‌గారిని అడిగారు.

"ప్రాణం మీద ఒట్టు, నాకే తెలీదు సార్," అన్నారు కల్నల్‌గారు. ఆరోజు ఆ శిబిరంలో పలికిన పూర్తి నిజం అదొక్కటే.

జనరల్‌గారి మొహం పూర్ణచంద్రుడైంది. చాలా పటాలాలు చూశాను కానీ తాబేలును కూడా డ్యూటీకి ఎక్కించినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని సుబేదారుగారి భుజం తట్టారు. భుజంమీద పడ్డ ఆ చెయ్యి సుబేదారుగారికి హెలికాప్టర్ సీటంత మెత్తగా ఉంది.

"ఈ డ్రిల్ మన పోస్టులన్నిటికీ కావాలి. ఈయన ఒక్కొక్క పోస్టుకీ వెళ్ళి దగ్గరుండి నేర్పాలి. రేపే మొదలుపెట్టండి," అన్నారు జనరల్‌గారు.

కల్నల్‌గారు నసిగారు. "ఈయన ఇవాళ సెలవు మీద వెళ్తున్నారు సార్."

"ఇలాంటివాణ్ణి ఎవడైనా సెలవు మీద పంపిస్తాడటయ్యా?"

నోరా వీపుకు చేటు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. డ్రిల్ కాదని చెబితే నుయ్యి, అవునంటే గొయ్యి. సుబేదారుగారు గొయ్యినే ఎంచుకుని సెల్యూట్ కొట్టారు. ఆయన సీట్లో డేగ కూర్చున్నాడు. రాయి నడిచిన మాట నిజమేనని ఇప్పుడు పటాలం మొత్తానికీ తెలుసు. కానీ మతి చలించిందని డాక్టర్ సంతకం పెట్టేశారు, సంతకమైన మాటను వెనక్కి తీసుకునే అలవాటు సైన్యంలో లేదు. ఆ కుర్రవాడు కిటికీలోంచి చేతులూపుతూ ఎగిరిపోయాడు. సుబేదారుగారు భార్యకు చెయ్యాల్సిన ఫోన్‌ను రేపటికి వాయిదా వేసి, కుంచె కడగడానికి లేచారు.

సాయంత్రం ముసలమ్మ గేటు దగ్గరికొచ్చి, తాబేలును కొంగుతో శుభ్రంగా తుడిచి, చంకనెత్తుకుని ఇంటికి తీసుకుపోయింది. సెలవు చీటీ ఏదని దాన్ని ఎవరూ అడగలేదు.