పెళ్ళిచూపులకు పోలీసు జీపు

జర ఇటు జరిగి కూర్చోండి. వెనుక గుసగుసలు పెట్టుకున్నవాళ్ళు ఆ ముచ్చట తర్వాత చెప్పుకోవచ్చు. ఒక ఊరు ఊరంతా ఒకే పూట మంచిదైపోయిన కథ ఇది. మధ్యలో మాట్లాడితే ఎవరు ఎందుకు మంచివాళ్ళయ్యారో తెలియకుండా పోతుంది. మళ్ళీ నన్ను అడగొద్దు.

చిట్యాలలో పెద్దరోడ్డు పక్కన బ్యాటరీల దుకాణం నడిపే ప్రేమ్‌సాగర్‌కు పోలీసు బండ్లంటే ప్రాణం. రోడ్డు మీద బండి పోతుంటే కళ్ళు మూసుకుని, చప్పుడు విని, అది ఏ బండో, దాని డ్రైవరు పొద్దున టిఫిను తిన్నాడో లేదో కూడా చెప్పేవాడు. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసి అందరూ "ఆమెన్" అంటే ఇతను ఒక్కడే కళ్ళు మూసుకుని "బొలెరో" అన్నాడు. బయట నిజంగానే పోలీసుల బొలెరో పోతోంది. పాస్టరుగారు మాత్రం సంతోషించలేదు.

తెలంగాణ వచ్చాక ఠాణాలకు కొత్త తెల్ల బండ్లు వచ్చాయి. పాత జీపులను నల్లగొండలో వేలం వేస్తే ప్రేమ్‌సాగర్ ఒకటి పాడుకున్నాడు. రూలు ప్రకారం సైరనూ, పైన లైటూ తీసేశాడు. తలుపుల మీద అతికించిన అక్షరాలను గోటితో గీకి గీకి పీకాడు. కొత్త రంగు మాత్రం వేయించలేదు. ఆ తలుపుల మీద వేరే రంగు పూయడానికి అతనికి చెయ్యి రాలేదు.

ఈ పిచ్చితో వచ్చిన సంబంధమల్లా చెడిపోయింది. పిల్లతో మాట్లాడమని లోపలికి పంపితే, "నీకు ఒట్టి నీలం లైటు మంచిగనిపిస్తదా, ఎర్రది కలిసింది మంచిగనిపిస్తదా?" అని అడిగేవాడు. ఇప్పుడు ఆత్మకూరు అవతల ఒక పల్లె నుంచి మెర్సీ అనే అంగన్‌వాడీ టీచరు సంబంధం వచ్చింది. ఆ పిల్ల ఫోటో చూస్తున్నంతసేపూ దుకాణం ముందు నుంచి పోలీసు బండ్లు వరసగా పోయినా ప్రేమ్‌సాగర్ తల ఎత్తలేదు. అది చూసి తల్లి సైదమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. ఈ సంబంధం చెడితే కొడుకు ఇక ఏ పిల్ల ఫోటోకూ తల దించడని ఆమెకు అర్థమైంది.

బయలుదేరాల్సిన పొద్దున కిరాయి కారు రాలేదు. డ్రైవరు ఫోను ఎత్తలేదు. పోచంపల్లి చీర కట్టుకుని వాకిట్లో నిలబడ్డ సైదమ్మ జీపు వైపు చూసి నిట్టూర్చింది.

"ఇగ నీ బండే తియ్యి. గని ఒక్కటి ఇను కొడుకా. గాడ పోలీసు అన్న మాట నీ నోట్లకెల్లి రావద్దు. వస్తే నేను వాళ్ళింట్ల మంచినీళ్ళు గూడ ముట్ట."

"అననమ్మా."

"బండ్ల ముచ్చట గూడ వద్దు."

"మరి ఏం మాట్లాడాలె?"

"వంకాయల గురించి మాట్లాడు. ఎవ్వలకు కోపం రాదు."

"వంకాయ పడనోళ్ళుంటరు," అన్నాడు తండ్రి ఎల్లస్వామి వెనుక సీట్లోకి మెల్లగా కాలు లాక్కుంటూ.

ఆత్మకూరు దాటాక ఎర్రమట్టి దారి. దుమ్ము అంటే మామూలు దుమ్ము కాదు, పైన ఎగిరే కొంగలు ఎర్రగా మారి ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక వేరే గుంపుల్లో కలిసిపోయాయి. ప్రేమ్‌సాగర్ అక్షరాలు పీకాడు గానీ వాటి కింది జిగురు అలాగే ఉంది. దుమ్మంతా వచ్చి ఆ జిగురుకు అంటుకుంది. ఊరు చేరేసరికి రెండు తలుపుల మీదా "పోలీసు" అని ఎర్రగా, ఠాణాలో ఉన్నప్పటికన్నా ముచ్చటగా తేలింది. లోపల కూర్చున్నవాళ్ళకు తలుపు బయటివైపు ఎలా కనబడుతుంది?

మొదట చూసింది పొలంలో ఉన్న దశరథం. పక్కవాడి చెలకలోకి తాను జరిపిన హద్దురాయిని ఒక్కడే పెకిలించి పాత జాగాలో పెట్టి, భయానికి ఇంకో మూర తన వైపుకే పాతుకున్నాడు. పోచయ్య తాను దొంగిలించిన పక్కింటి కోడిని తిరిగి తీసుకుపోయి వాళ్ళ గంప కింద పెట్టి, అది పెట్టిన గుడ్లు కూడా వరసగా పేర్చి వచ్చాడు. కరెంటు తీగకు కొండీలు తగిలించినవాళ్ళంతా ఒకేసారి లాగేశారు. వాడకట్టులో ఫ్యాన్లన్నీ ఆగాయి. ట్రాన్స్‌ఫార్మరు పెట్టిననాటి నుంచి మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

జీపు ఇస్రాయేలు ఇంటి ముందు ఆగింది. మెర్సీ తండ్రి ఇస్రాయేలు కొత్త అంగీ తొడుక్కుని కుర్చీలో కూర్చుని ఉన్నవాడు, కిటికీలోంచి చూసి పెరటి తలుపు గుండా మాయమయ్యాడు. గడపలో అతని భార్య ఎస్తేరు ఒక్కతే అడ్డంగా నిలబడింది.

"వందనాలు వదినె," అంది సైదమ్మ. "అన్న ఉన్నడా?"

"ఇస్రాయేలు అనేటోడు గీ ఇంట్ల లేడు."

"గదేంది, పిల్ల తండ్రే గదా?"

"పిల్లకు తండ్రి లేడు. పోయినేడు సచ్చిపోయిండు."

సైదమ్మ చేతిలోని పండ్ల సంచి అరుగు మీద పెట్టి ఎస్తేరును కావలించుకుని ఏడవడం మొదలుపెట్టింది. పోలీసులు ఏడుస్తూ పట్టుకోవడం ఎస్తేరు ఎన్నడూ వినలేదు. ఆమెకూ భయంతో ఏడుపొచ్చింది. ఏడుపు విని వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి, సంగతేమిటో తర్వాత అడగొచ్చని తామూ ఏడ్చారు.

ఎల్లస్వామి మాత్రం గడ్డం గోక్కున్నాడు. "పోయినేడు పోతే, మొన్న ఫోన్ల నాతోని నవ్వుకుంట మాట్లాడింది ఎవరు చెల్లె?"

"నాకు తెల్వది సారూ."

"సారేంది? నేను ఎల్లస్వామిని. చిట్యాల నుంచి. మీ పిల్లను చూడ వచ్చినం."

ఎస్తేరు ఏడుపు ఆగింది. సైదమ్మ ఏడుపు ఆగడానికి ఇంకొంచెం సమయం పట్టింది. లోపలి నుంచి మెర్సీ వచ్చి, ప్రేమ్‌సాగర్‌ను బయటికి పిలిచి జీపు తలుపు చూపించింది. అతను చూశాడు. మొదట మనసు పొంగింది, వెంటనే జేబులోంచి చేతిరుమాలు తీశాడు.

ఇస్రాయేలు కోసం ఊరంతా వెతికారు. బావుల్లో, గడ్డివాముల్లో, చర్చి గంట కింద కూడా చూశారు. తండ్రి లేకుండా మాట ఖాయం కాదు. ఎండ పెరుగుతోంది. సైదమ్మ గొంతు తడి ఆరిపోయినా, సంబంధం సంగతి తేలేదాకా మంచినీళ్ళు ముట్టలేదు.

ప్రేమ్‌సాగర్ జీపు దగ్గరే నిలబడి చేతిరుమాలుతో అక్షరాలు తుడుస్తున్నాడు. తుడిచినకొద్దీ అవి ఇంకా మెరుస్తున్నాయి. మెర్సీ పక్కకు వచ్చింది.

"మా నాయిన ఇగ మాపటిదాక రాడు. నేను చిన్నగున్నప్పుడు ఎవరిదో బాయి మోటరు పోయిందని ఆయనను జీపుల ఏసుకపోయిన్రు. ఎనుక, కింద కూసోబెట్టి. ఊరంత నిలబడి చూసింది. తెల్లారి గా మోటరు బాయిలనే దొరికింది. గది ఎవ్వలు నిలబడి చూడలె."

ప్రేమ్‌సాగర్ తుడవడం ఆపాడు. "మా అమ్మ నన్ను వంకాయల గురించి మాట్లాడమన్నది," అన్నాడు.

"వంకాయలు నాకు పడవు. గీ బండి గురించి చెప్పు. ఎందుకు కొన్నవ్?"

"మా బాపును పెద్దరోడ్డు మీద లారీ గుద్దింది. బండ్లన్ని పక్కకెల్లి పోతున్నయి. ఒక్క జీపే ఆగింది. గందులనే నల్లగొండ దవాఖానకు తీసుకపోయిన్రు. ఎనుక బాపు తల నా ఒళ్ళె పెట్టుకొని కూసున్న. అప్పటి సంది గా చప్పుడు ఇంటే నాకు, బాపు బతుకుతడు అన్నట్టే ఇనపడతది."

"గది గీ జీపేనా?"

"కావచ్చు. కాకపోవచ్చు. నేను గిదే అనుకుంట." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గని రేపే అమ్మేస్త. మీ నాయిన జడుసుకునేది నా వాకిట్ల ఉండొద్దు."

జీపు లోపల ఎవరో తుమ్మారు.

మెర్సీ వెనుక తలుపు లాగింది. సీటు కింద టార్పాలిన్ పట్టా కదిలి, దానిలోంచి కొత్త అంగీ, చెమటతో తడిసిన ఇస్రాయేలు ముఖం పైకి వచ్చాయి.

"నాయినా, గిందులనా దాసుకున్నవ్?"

"ఊరిండ్లన్ని ఎతుకుతరు గని, వాళ్ళ బండి వాళ్ళే ఎతుకుతరా?" అన్నాడు ఇస్రాయేలు ముఖం తుడుచుకుంటూ. తర్వాత ప్రేమ్‌సాగర్‌ను కింది నుంచి పైదాకా చూశాడు. "అమ్మకు."

"ఏంది మామా?"

"బండి అమ్మకు. ఎనుక ఎట్లుంటదో నాకెరుకే. ముందు ఎట్లుంటదో చూడలె. ఒక్కసారి ఊరు తిప్పు."

ఎల్లస్వామి వచ్చి ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఇస్రాయేలు అంగీ సవరించుకుని ఎక్కి, కిటికీ మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. జీపు వాడకట్టు దాటి, మోటరు పోయిందని ఆనాడు ఇస్రాయేలును పట్టుకున్న బావి దగ్గర మెల్లగా సాగి, ఊరు నడిమికి వచ్చింది. అప్పుడు నిలబడి చూసినవాళ్ళే ఇప్పుడూ నిలబడి చూశారు. ఇస్రాయేలు ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ పోయాడు. ఇంటి దగ్గర మెర్సీ తన తల్లి చెవిలో పిలగాడు నచ్చిండని చెప్పింది. ఎస్తేరు చెంబు తెచ్చి అందిస్తే సైదమ్మ ఆగకుండా తాగేసింది.

ఊరి చివర బస్సు కోసం నిలబడ్డ పొరుగూరి ముసలమ్మ ఒకావిడ, దుమ్ములో సాగిపోతున్న జీపును చూసి, ముందు సీట్లో దర్జాగా కూర్చున్న ఇస్రాయేలును చూసి, పక్కనున్నామెతో అంది: "పాపం, గా దొంగకు ఎనుక కూసుంటే కక్కులొస్తయి కావచ్చు."