మాంసానికి అద్దెకిచ్చిన ఫ్లాటు

సోమవారం ఉదయం పదకొండు గంటలకు, మేడ్చల్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్లో, రాజలింగుకు ఇవ్వబోమన్న ఫ్లాటును అతని చేతిలోని పెట్టెలో ఉన్న మేకమాంసానికి అద్దెకిచ్చారు.

ఆ మాంసాన్ని పెంచింది రాజలింగే. అతను పనిచేసే ల్యాబులో మునగాకు రసం కలిపి, వెంట్రుక కంటే సన్నని పోగులతో వల చేస్తారు. మేక తొడ నుంచి తీసిన కణాలు ఆ వలను పట్టుకుని కండగా పెరుగుతాయి. మేక చావదు. అమ్మకానికి అనుమతి రావాలంటే మాంసం తన చిరునామా చూపించాలి. ఎలాగూ నీకోసం ఇల్లు వెతుకుతున్నావు కదా, దీనికీ ఒకటి చూడమని ల్యాబువాళ్లు పెట్టె ఇచ్చి పంపారు.

రాజలింగుకు ఇల్లు ఆ రోజే కావాలి. ఎముకల పులుసు వాసనకు పాత ఓనరు ఖాళీ చేయించాడు. భార్య లావణ్య పసిబిడ్డతో ఆసుపత్రి నుంచి బయల్దేరింది.

అసోసియేషన్ కార్యదర్శి పురుషోత్తమరావు పెట్టె మూత తీసి చూశాడు.

"ఇది మునగాకు మీద పెరిగింది. మాకేం అభ్యంతరం లేదు. నువ్వు దేని మీద పెరిగావు బాబూ?"

"మా అమ్మ చేతుల మీద సార్."

"ఆవిడేం తినేది?"

"దొరికింది తిన్నది సార్."

"అదీ సంగతి."

"అది మాంసం గద సార్. నేను మనిషిని."

"మనిషివి కాబట్టే ఇంటిపేరు అడగాల్సి వచ్చింది. దాన్ని అడగక్కర్లేదు."

మాంసాన్ని చూసుకోవడానికి ఒకరుండాలని మాత్రం ఒప్పుకున్నారు. రాజలింగు వెనక మెట్లెక్కాలి. వంట చేయకూడదు. బిడ్డ సంగతి కమిటీ విడిగా చర్చించింది. ఇంకా ఏమీ తినలేదు కాబట్టి, ఇకపై వల మీద పెరిగితే చాలని తీర్మానించింది.

మధ్యాహ్నం ల్యాబు నుంచి బొంతంత వల వచ్చింది. గేటు బయట ఆటోలో కూర్చున్న లావణ్య దాన్ని చూసింది.

"మరి నా పాలు?"

"అడిగిన. నువ్వు ఆర్నెల్లు మాంసం కూర ముట్టకుంటే, నిన్నూ నీ పాలనూ లోపలికి రానిచ్చేది చూస్తరట."

"అప్పటిదాంక?"

"మునగాకు రసం పోస్తరట."

లావణ్య బిడ్డను ఇవ్వడానికి కొంతసేపు పట్టింది.

నాలుగు గంటలకు వాచ్‌మన్ బిడ్డను వల మీద పడుకోబెట్టి లిఫ్టులో పైకి తీసుకెళ్లాడు. రాజలింగు వెనక మెట్లెక్కాడు. అతను వెళ్లేసరికి బిడ్డ పిడికిట్లో వల పోగులున్నాయి. వేళ్లు విప్పబోతే రాలేదు.

పట్టు బాగుందని ల్యాబుకు ఫోన్ చేసి చెప్పాడు. లావణ్య ఆటో ఇంకా గేటు బయటే ఉంది.