ఆగి ఆగి తిరిగిన నంది

నంద్యాలలో మే నెలలో మంచు కురిసే ఇల్లు ఒక్కటే ఉండేది. అది స్టీఫెన్ ఇల్లు. కురిసేది కంప్యూటర్ తెర మీద. బయట తారు కరిగి చెప్పులకు అంటుకునే వేళ, స్టీఫెన్ ఫ్యాన్ కింద చాప మీద పడుకుని, తెరలో తెల్లటి రేకులు మెల్లగా దిగిరావడం చూస్తూ ఉండేవాడు. చూడగా చూడగా అతనికి పాదాలు చల్లబడేవి. ఒకరోజు భార్యను దుప్పటి కూడా అడిగాడు.

అతను విత్తనాల గోడౌన్‌లో గుమాస్తా. ఇంట్లో కంప్యూటర్ ముసలిదైపోయింది, పారెయ్యమని అందరూ అన్నప్పుడు తనే కూర్చుని దానికి లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అది లేచి పరుగెత్తింది. ఆ ఘనకార్యాన్ని వీధిలో పాలవాడితో సహా ప్రతివాళ్లకూ వివరించేసరికి, లైనక్స్ గుర్తయిన పక్షి అతని పేరుకు ముందు చేరి, 'పెంగ్విన్ స్టీఫెన్' అయ్యాడు. అది బిరుదనుకుని అతను మురిసిపోయాడు.

అంతా బాగానే ఉండేది, తోటి గుమాస్తా సమీవుల్లా కొత్త కంప్యూటర్ కొనకపోయి ఉంటే. దాని తెర తలుపంత వెడల్పు. మేఘాలు ఆ కొసన పుట్టి ఈ కొసన కరిగిపోతున్నాయి. ఎక్కడా చిన్న అదురు కూడా లేదు. అది చూసొచ్చిన సాయంత్రం స్టీఫెన్ మేఘాల్లోనే నడుస్తూ తన ఇల్లు దాటిపోయి, వీధి చివర సోడాబండి తగిలాక వెనక్కి తిరిగాడు.

భార్య షాలిని బడిలో సైన్సు టీచరు. జూన్‌లో చెప్పాల్సిన పాఠాలకు బొమ్మలు ఆ కంప్యూటర్ మీదే చేసుకుంటుంది. కొత్తది కొందామంటే ఆమె తల కూడా ఎత్తలేదు.

"ఉన్నది బాగుండాది కదప్పా. చెడిపోతే చూద్దాం లే."

చెడిపోతే అన్న మాట తప్ప స్టీఫెన్‌కు ఇంకేమీ వినిపించలేదు. ఆ రాత్రి ఆ మాట అతని పక్కనే పడుకుంది.

మర్నాడు షాలిని చర్చిలో పాటల సాధనకు వెళ్లగానే అతను పని కానిచ్చాడు. కంప్యూటర్ నిద్ర లేచేటప్పుడు చదువుకునే ఆజ్ఞలు కొన్ని ఉంటాయి. వాటి చివర, గ్రాఫిక్స్ చిప్పు జోలికి పోవద్దని చెప్పే ఒక్క మాట చేర్చాడు. ఇక బొమ్మలు గీసే పనివాడు ఇంట్లో ఉన్నా పిలిచేవాళ్లు లేరు. లెక్కలు చేసుకునే ప్రాసెసరే పాపం కుంచె కూడా పట్టుకోవాలి. తెర మీది కిటికీలు ఒకచోట మాయమై ఇంకోచోట తేలాయి. మంచు కూడా ఆగి, ఆలోచించుకుని, గుంపుగా దబ్బున పడసాగింది.

షాలిని వచ్చి చూసింది. ముందు మంచు ఆపించింది. ఏ ప్రోగ్రాం ఎంత మేస్తోందో వెతికింది. తెర వైరు మార్చింది. ఇంకో యూజర్ పేరుతో లోపలికి వెళ్లి చూసింది. ఆమె ఒక్కో పరీక్ష చేస్తున్నప్పుడల్లా స్టీఫెన్ వెనకనుంచి, ఆస్పత్రి వరండాలో బంధువులా నిట్టూర్చాడు.

"వయసు, షాలినీ. దానికి మోకాళ్లు పట్టేసినాయి."

"నీకు పట్టినాయా?"

"నాకెందుకు పడ్తాయి?"

"దానికంటే నువ్వు ముప్పై ఏండ్లు పెద్ద కదా, అడిగితి."

ఆమె చివరగా, కంప్యూటర్లో ఏమేమున్నాయో చూపించే సెట్టింగ్స్ పేజీ తెరిచింది. కాసేపు చదివింది. మూసేసి, వెళ్లి వంకాయలు తరిగింది.

అన్నం దగ్గర తనంతట తనే అంది. కొత్తది కొందామట. పాతది మాత్రం ఈ ఆదివారం ఆళ్లగడ్డలో ఉన్న తన అక్క పరంజ్యోతి కూతురు సిరికి ఇచ్చేయాలట. స్టీఫెన్ అప్పటికే మేఘాల్లో ఉన్నాడు. ఏది ఎవరికిచ్చినా తనకేమని తల ఊపాడు. పులుసు అనుకుని మంచినీళ్లు అన్నంలో పోసుకుని, బాగుందన్నాడు.

ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కారు. తెర షాలిని ఒళ్లో, దుప్పటి చుట్టిన పెట్టె స్టీఫెన్ ఒళ్లో. బిడ్డకు జ్వరమేమోనని వెనక సీటు అవ్వ దుప్పటి తొలగించి చూసి, ఏసయ్యా అని సర్దుకుంది. శిరివెళ్ల దాటాక గాలి మారింది. నల్లరేగడి పొలాలు ఎండకు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటి అవతల నల్లమల, నీళ్లలో తడిపి ఆరేసిన నీలం చీరలా, ఉందో లేదో అన్నట్టుంది. స్టీఫెన్ కళ్లు మూతలు పడ్డాయి. తలుపంత తెర తెరుచుకుంది.

"సిరి పని సంగతి నీకు చెప్పనే లేదు కదా," అంది షాలిని.

కలలోంచే ఊఁ అన్నాడు.

సిరి డిప్లొమా అయ్యాక విగ్రహాలకు కంప్యూటర్ నమూనాలు గీయడం నేర్చుకుంది. స్నేహితురాలి కంప్యూటర్ మీద ఒక నంది గీసింది. రాతి శిల్పాలు చేయించే శేషయ్య ఆ రోజు భోజనాల తర్వాత చూడ్డానికి వస్తున్నాడు. నంది నచ్చితే ఇకమీదట రాయి కొట్టే ముందు నమూనాలన్నీ సిరి చేతే గీయిస్తాడు. ఆ పిల్ల దీనికోసం ఆరునెలలుగా కాచుకుంది.

"ఎద్దును నాలుగు పక్కలా తిప్పి చూపించల్లంట," అంది షాలిని కిటికీలోంచి చూస్తూ. "మెల్లగా, నున్నగా తిరగాలంట."

స్టీఫెన్ నిద్ర దిగిపోయింది. ఒళ్లో పెట్టె ఒక్కసారిగా బరువెక్కింది.

ఆళ్లగడ్డలో వదినగారింటి పక్కనే రాళ్లు చెక్కే పాకలు. ఉలి చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఎక్కడో దూరంగా వాన మొదలైనట్టున్నాయి. సిరి పరుగెత్తుకొచ్చి పెట్టెను అందుకుంది. కంప్యూటర్ బిగించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న నందిని తెరిచింది. చల్లని చూపుల ఎద్దు, మెడలో గంటలు. సిరి దాన్ని తిప్పింది. నంది తోక దగ్గర నిలబడిపోయింది. ఉన్నట్టుండి ఒక్క గెంతులో మూతి ఇటు తిప్పింది. మళ్లీ నిలబడింది.

"చిన్నాయనా, ఇది బెదిరిన ఎద్దు మాదిరి ఉండాది," అంది సిరి. గడియారం వైపు చూసింది.

మీరంతా భోజనాలు కానివ్వండి, నేను చూస్తానన్నాడు స్టీఫెన్. పరంజ్యోతి వదిన కోడికూర పిలుస్తున్నా కదల్లేదు. గది తలుపు వేసుకుని, తను చేర్చిన మాట వెతికి పట్టుకుని చెరిపాడు. ఆ తొందరలో దాంతోపాటు పక్కనున్నదేదో కూడా చెరిగిపోయింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. తెర నల్లగా అయింది. మళ్లీ వేశాడు. ఆ నలుపులో తన ముఖమే, చెమటతో, చక్కగా ఏ అదురూ లేకుండా కనిపించింది.

తలుపు తోసుకుని షాలిని వచ్చింది. ఆమె చేతికి ఇంకా అన్నం అంటుకుని ఉంది.

"నేనే చేస్తి, షాలినీ," అన్నాడు. "కొత్తది కొనిపిద్దామని. ఇప్పుడు సిరి బొమ్మ చూపించే గతి కూడా లేకుండా చేస్తి."

"తెలుసు లే. జరుగు," అంది ఆమె, చెయ్యి కడుక్కుని కుర్చీలో కూర్చుంటూ. "గ్రాఫిక్స్ చిప్పు పేరుండాల్సిన కాడ ఇంకో పేరు ఉండె. ఆ పొద్దే చూస్తి."

"చూసి కూడా ఊరికే ఉంటివా?"

"నువ్వు నోరు తెరుస్తావేమోనని చూస్తాంటి. బస్సులోనే తెరుస్తావనుకుంటి. కొంచెం ఆలస్యమాయె."

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెర మీదకు వచ్చే పట్టికలోంచి లోపలికి దారి తీసి, చెరిగినదాన్ని మళ్లీ రాసి, ఆమె కంప్యూటర్‌ను లేపింది. నంది కదిలింది. చెరువులో పడవ మళ్లినట్టు, గంటలు చప్పుడు చేస్తాయేమో అన్నంత మెత్తగా, తోక నుంచి మూపురానికి, మూపురం నుంచి కళ్లకు తిరిగింది.

శేషయ్య వచ్చి, కళ్లద్దాలు పైకి తోసుకుని, నందిని తిప్పించుకుని తిప్పించుకుని చూశాడు. చెవి కొంచెం వంచమన్నాడు. సిరి అక్కడికక్కడే వంచింది. రేపటి నుంచి పని మొదలెట్టమని ఆయన లేచాడు. పరంజ్యోతి వదిన కళ్లు తుడుచుకుని, ఇంత మంచి మిషను తోడబుట్టినవాడు కూడా ఇయ్యడని, స్టీఫెన్ ఆకులో కోడికాలు రెండుసార్లు వేసింది. అతను తల వంచుకుని తిన్నాడు.

తిరుగు బస్సులో ఎండ వాలుతోంది. ధైర్యం చేసి, కొత్తది ఎప్పుడు తెద్దామని అడిగాడు.

"చెడిపోయిందనే కదా కొందామంటి," అంది షాలిని. "చెడిపోలేదు కదప్పా."

"మరి నీ పాఠాలు?"

"బడిలో ల్యాప్‌టాప్ ఇచ్చినారు, పోయిన వారమే. బడి పనికి తప్ప ముట్టుకోగూడదంట."

"మరి నేను?"

ఆమె అప్పటికే అతని భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. లేదా నిద్రపోయినట్టుంది.

అప్పటినుంచి స్టీఫెన్ ఆదివారం ఆదివారం, సిరికి లైనక్స్ నేర్పే వంకతో, టిఫిన్ డబ్బా పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కుతున్నాడు. గడపలో నిలబడి, మంచు చూసుకోవడానికి తన వంతు ఎప్పుడని అడుగుతాడు. లోపల తెర మీద ఒక ఏనుగు మెల్లగా తిరుగుతూ ఉంటుంది.

"పని ఉండాది చిన్నాయనా," అంటుంది సిరి వెనక్కి తిరగకుండానే. "అట్ల అరుగు మీద కూర్చో. పిలుస్తా."