పులికాట్ ఫైలు

ఆదివారం తెల్లవారి ఐదుంపావు. తిరుపతిలో సుదర్శనంగారి ఇంటి ముందు రెండు బళ్ళు నిలబడి ఉన్నాయి. ఒకటి పులికాట్ వెళ్ళవలసిన వ్యాను. రెండోది మదనపల్లి చుట్టాలను మూటాముల్లెలతో దించుతున్న జట్కా. రెంటికీ నడుమ సుదర్శనంగారు, చంకలో ఫైలుతో!

"వచ్చేసినామప్పా!" అన్నాడు ఆ చుట్టాల పెద్ద దేవనాథన్, జట్కాలోంచి చంటి మనవణ్ణి అందిస్తూ. "వీడికి పుట్టెంట్రుకలు తీయించల్ల. నువ్వుండావు గదా, మాకేం దిగులు!"

పాఠకులు అప్పుడే జాలిపడవద్దు. విహారయాత్రలన్నవి ప్లాను వేయడానికే గాని వెళ్ళడానికి కావు. వెళితే ఏముంది? ఎండ, ఇసుక, చేపల వాసన. అదే ఇంట్లో కూర్చుని ప్లాను వేస్తే చెప్పుల్లోకి ఒక్క ఇసుక రేణువైనా వస్తుందా? ఒక్క పడవైనా మునుగుతుందా? చివరి నిమిషంలో ప్రయాణం ఆపేసే అవాంతరాన్ని మించిన వరం సంసారికి మరొకటి లేదు!

ఈ సత్యాన్ని సుదర్శనంగారు మూడేళ్ళుగా నిరూపిస్తూ వచ్చారు. ఆయన ఒక ఆఫీసులో హెడ్‌క్లర్కు. పక్షులకు పేరుపడ్డ పులికాట్ సరస్సుకూ, దాన్నానుకున్న సముద్రానికీ ప్రయాణమని ఆయన తెరిచిన ఫైలు నూట నలభై పేజీలు. సరస్సు లోతు ఎంత, పడవలో ఎవరు ఎటు కూర్చోవాలి, ఏ కొంగను ఎన్ని నిమిషాలు చూడాలి, అన్నీ అందులో ఉన్నాయి. పడవ తిరగబడితే ఎవరు ఎవరిని పట్టుకోవాలో వయసు వరుసన రాసి ఉంది. ఈత మాత్రం ఎవరికీ రాదు.

మొదటి ఏడు రెండో శనివారం అనుకున్నారు. శనివారం తూర్పు శూల, అటు ప్రయాణం కూడదు. పులికాట్ ఉన్నది తూర్పున. ప్రయాణం ఆగింది. మరుసటి ఏడు ఆదివారం అనుకున్నారు. వెళ్ళడానికి అడ్డు లేదు గాని, ఆదివారం పడమర శూల. అంటే తిరిగి రాకూడదు! సోమవారం వద్దామంటే ఆఫీసు. ప్రయాణం ఆగింది. మూడో ఏడు ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. పులికాట్‌లో వ్యాన్ని దక్షిణానికి తిప్పి, మూడు మైళ్ళు పోయి, అక్కడ ఒక కాఫీ తాగి, శూలను ఏమార్చి ఇంటికి రావడం. అంతా కుదిరింది. ఎవరో తుమ్మారు. ఆగింది.

ఆగిన ప్రతిసారీ తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోరను ఆ కుటుంబం వరండాలో కూర్చుని తిన్నది. కలిపినది ఆయన భార్య కల్యాణవల్లి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె సముద్రాన్ని చూసింది గోడమీది క్యాలెండర్లో. ఈ సంవత్సరం ఫిబ్రవరి ఆఖరి వారం వచ్చేసింది. వారం పది రోజుల్లో పక్షులు ఎగిరిపోతాయి. సముద్రం ఎక్కడికీ పోదనుకోండి. కానీ ఫైలు మళ్ళీ వచ్చే ఏటికి పోతుంది!

ఈసారి కూడా లక్షణాలు బాగానే కనిపించాయి. వ్యానెక్కిన ఇంటిల్లిపాదినీ సుదర్శనంగారు అప్పటికే రెండుసార్లు దించి ఎక్కించారు. ఒకసారి పిల్లి ఎదురైంది. రెండోసారి పిల్లి ఎటునుంచి ఎటు పోయిందో తేలలేదు.

"సామీ, ఎండ పడితే పడవలోళ్ళు రారు," అని డ్రైవరు మునెయ్య మొత్తుకున్నాడు. "ఎక్కేదా, దిగేదా, ఒకటి సెప్పండి."

చెప్పే లోపలే జట్కా వచ్చింది.

ఇక్కడ తిరుపతి ధర్మం ఒకటి మనవి చేయాలి. కొండకొచ్చిన చుట్టాన్ని ఇంటి యజమాని తానే దగ్గరుండి పైకి తీసుకుపోవాలి, గుండు కొట్టించాలి, దర్శనం చేయించాలి, కిందికి దింపుకుని రావాలి. ఈ ధర్మాన్ని వీధి వీధికీ బోధించినది మరెవరో కాదు, సుదర్శనంగారే. పద్దెనిమిదేళ్ళలో ఒక్క చుట్టాన్ని ఆయన ఒంటరిగా పంపలేదు.

"అందరూ దిగండి. ప్రయాణం వచ్చే ఏటికి," అన్నారాయన. గొంతులో బాధ ఉంది. అడుగున ఎక్కడో ఒక నిశ్చింత కూడా ఉంది.

వ్యానులోంచి ఎవరూ దిగలేదు.

సుదర్శనంగారికి మొదటిసారి అనుమానం తగిలింది. చుట్టాలు సరిగ్గా ఈ ఆదివారమే, సరిగ్గా ఈ గడియకే ఎలా ఊడిపడ్డారు?

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"ఇదేందబ్బా, కార్డు రాసి పిలిపించుకొని ఎవురని అడగతావు?" దేవనాథన్ జేబులోంచి పోస్టుకార్డు తీశాడు. "మీ ఇంట్లో రాసింది కాదా?"

కార్డు మీద సంతకం లేదు. "ఆదివారం తెల్లవారేసరికి మనవడితో తప్పక రావలెను. ఇంటి యజమానిగారు దగ్గరుండి మొక్కు తీర్పించగలరు. సాయంత్రం దాకా వారిని వదలవద్దు. మిగతావాళ్ళం ఊళ్ళో ఉండము, మన్నించండి."

ఎవరీ అజ్ఞాత వ్యక్తి? సుదర్శనంగారి అనుమానం ముందు మునెయ్య మీదికి పోయింది. ప్రయాణం ఆగినప్పుడల్లా అతనికి రెండాకుల పులిహోర గిట్టుబాటు.

"నాకు సదువే రాదు సామీ!" అన్నాడు మునెయ్య.

ఇక మిగిలింది తల్లి వకుళాదేవి. పర్వదినం కానినాడు సముద్రాన్ని ముట్టుకోరాదని మొదటి ఏడే అభ్యంతరం చెప్పిన మనిషి. కానీ ఆవిడ అందరికన్నా ముందెక్కి, ముందు సీట్లో, చెంగు నడుముకు బిగించి కూర్చుని ఉంది!

ఆయన కార్డును మళ్ళీ చూశారు. గుండ్రటి, పొందికైన అక్షరాలు. ఆఫీసులో యాభైమంది చేతిరాతలు ఇట్టే పట్టే మనిషికి ఇది ఎవరిదో అంతుపట్టలేదు. ఆ చేత్తో ఆయనకు ఏనాడూ ఉత్తరం రాలేదు. రాయవలసినంత దూరం ఆ మనిషిని ఆయన ఏనాడూ పంపలేదు.

"ఎవరు? రాసిందెవరు? నా ప్రయాణాన్ని నాశనం చేసిన ఆ ద్రోహి ఎవరు?" అని అరిచారు.

"నాశనమెందుకయితాదిరా? మేం పోతానే ఉండాము గదా," అంది వకుళాదేవి కిటికీలోంచి. "నువ్వు కూడా వస్తే ఈ వీధి దాటమని, నీకు కొండమీద పని పెట్టినాము. మునెయ్యా, తియ్ బండి!"

వ్యాను కదిలింది. సుదర్శనంగారు ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో చంటివాణ్ణి పట్టుకుని వెంట పరుగెత్తారు.

"ఎవరో చెప్పి పోమ్మా!"

"డబ్బాలో ఏసింది నేను," వకుళాదేవి తల బయటికి పెట్టి కేకేసింది. "రాసింది నీ పెండ్లామురా, కల్యాణవల్లి!"